కల్పిత లోకానికి భయాన్ని అలవాటు చేయడం: శరదృతువు సవాలు కోసం ఒక సమగ్ర మార్గదర్శి

పాశ్చాత్య దేశాల్లో అక్టోబరు 31న హాలోవీన్ జరుపుకుంటారు కాబట్టి, కల్పిత లోకాలను నిర్మించే రచయితలూ, ఆటలను రూపొందించేవారూ ఆ నెలలో హారర్ మీద సవాళ్లు పెట్టుకోవడం ఆనవాయితీగా మారింది. రోజుకొక మాట ఇచ్చి దాని మీద బొమ్మ వేయించే ఇంక్‌టోబర్‌ను అమెరికా చిత్రకారుడు జేక్ పార్కర్ 2009లో మొదలుపెట్టాడు. లోకనిర్మాణ సవాళ్లు కూడా చాలావరకు ఆ పద్ధతినే నడుస్తాయి: రోజుకొక ప్రాంప్ట్, అంటే రాయడానికి ప్రేరణగా ఒక మాట, ఇస్తారు, దాన్ని ఆధారం చేసుకుని మీ లోకంలోని ఒక ఊరి గురించో, జంతువు గురించో, ఆచారం గురించో ఒక చిన్న వ్యాసం రాయాలి.

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా దక్షిణ ఒడిశాలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల్లో ఉండి తెలుగులో రాసేవారికి ఈ పని కోసం గుమ్మడికాయ ముఖాలనూ, పొగమంచు కోటలనూ అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు. మనకు ఈ రోజులు మహాలయ పక్షంతో మొదలై దసరా, దీపావళి మీదుగా కార్తిక దీపాల దాకా సాగుతాయి. పెద్దలకు తర్పణాలు వదిలేదీ, బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందన్న వార్త కోసం రేడియో దగ్గర చెవి పెట్టుకుని కూర్చునేదీ ఈ రోజుల్లోనే. చనిపోయినవారినీ, ప్రాణం తీయగల గాలినీ ఒకే నెలలో తలచుకునే ప్రాంతంలో ఉన్నవారికి భయం గురించి రాయడానికి సామగ్రి కరువు కాదు.

ఈ వ్యాసం ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది. లోకంలో ఒక దెయ్యాన్ని ప్రవేశపెట్టినంత మాత్రాన ఆ లోకం భయంకరం కాదు. ఆ దెయ్యం ఉన్నందువల్ల అక్కడి మనుషులు తలుపు వేసే తీరు, పిల్లలకు పేరు పెట్టే తీరు, అప్పు ఇచ్చే తీరు మారిపోయి, ఆ మార్పును వాళ్లు మామూలు విషయంగా చెప్పుకుంటున్నప్పుడు చదివేవాడికి వెన్నులో చలి పుడుతుంది. కింద చెప్పిన మెట్లన్నీ అక్కడికి చేరుకోవడానికే.

మొదటి మెట్టు: ఏ భయమో తేల్చుకోండి

హారర్ అని మనం ఒక్క మాటతో అనేదాన్ని భరతముని నాట్యశాస్త్రం రెండు రసాలుగా విడదీసింది. భయం స్థాయీభావంగా, అంటే నిలిచి ఉండే మూలభావంగా, ఉన్నది భయానకం. జుగుప్స స్థాయీభావంగా ఉన్నది బీభత్సం. భయానకానికి ఆయన చెప్పిన కారణాల పట్టికను ఈనాటి రచయిత కూడా గోడకు అంటించుకోవచ్చు: వికృతమైన ధ్వని, భూతాలు కనబడడం, నక్కల, గుడ్లగూబల అరుపులు, పాడుబడిన ఇల్లు, అడవి, అయినవారు చనిపోవడమో చెరపడడమో చూడడం, వినడం. ఈ పట్టికలో రక్తం లేదు. ఎక్కువ భాగం చెవికి సోకేవీ, ఖాళీగా ఉన్న చోట్లకు సంబంధించినవీ ఉన్నాయి. కుళ్లు, పురుగు, వాంతి, చీలిన దేహం బీభత్సానికి చెందుతాయి. బీభత్సం నుంచి భయానకం పుడుతుందని ఆయన చెప్పిన మాట కూడా పనికివస్తుంది, ఎందుకంటే చెరువు గట్టు మీద కుళ్లిన చేపల గుట్టను ముందు చూపించి, ఆ చేపల్లో ఒక్కదానికీ కళ్లు లేవని తర్వాత చెబితే, పాఠకుడు అసహ్యం నుంచి భయంలోకి తానే నడిచి వస్తాడు.

కాబట్టి నెల మొదలవకముందే ఒక్క వాక్యం రాసిపెట్టుకోండి: నా లోకంలోని జనం దేనికి భయపడతారు, ఆ భయంలో ప్రాణభయం ఎంత, అసహ్యం ఎంత, ఎడబాటు ఎంత? నా దృష్టిలో లోకనిర్మాణానికి ఎడబాటుతో కలిసిన భయమే అన్నిటికంటే ఎక్కువ కాలం పనిచేస్తుంది, ఎందుకంటే అది కుటుంబంలోకీ, చట్టంలోకీ, పాటలోకీ తేలికగా పాకుతుంది.

రెండో మెట్టు: నేలనూ ఋతువునూ చదవండి

భయం ఎక్కడో గాలిలో పుట్టకూడదు. మీ లోకపు నేల, నీరు, ఋతువు దాన్ని కనాలి. అందుకు ముందు మన చుట్టూ ఉన్న నిజమైన అపాయాలు ఎలా పనిచేస్తాయో చూడడం మంచిది.

ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపురం దగ్గర తీరం దాటింది. పెద్ద తుఫాను కేంద్రం సరిగ్గా ఊరి మీదుగా వెళ్తే ఒక విచిత్రం జరుగుతుంది: అప్పటిదాకా ఊడ్చేసిన గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, ఆకాశం కొంత తేటపడుతుంది, గండం గడిచిందనుకుని జనం బయటికి వస్తారు, కాసేపటికి గాలి అంతే బలంతో ఎదురు దిక్కు నుంచి తిరిగి మొదలవుతుంది. హారర్ రాసేవారికి ఇందులో ఒక పూర్తి నిర్మాణం ఉంది. ప్రశాంతతే వల. మీ లోకంలోని ప్రాణికో శాపానికో ఈ నడక ఇవ్వండి: అది వెళ్లిపోయినట్టు కనిపించే ఘడియ ఒకటి ఉండాలి, అనుభవం ఉన్నవాళ్లు ఆ ఘడియలోనే తలుపులు మరింత గట్టిగా బిగించుకోవాలి.

తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. సముద్రం కనబడని గజపతి జిల్లా కొండల్లో దాని వర్షాలకు కొండచరియలు విరిగిపడి, వాగులు పొంగి మనుషులు చనిపోయారు. అందరూ తూర్పు వైపు చూస్తుండగా అపాయం వెనక ఉన్న కొండ మీద నుంచి రావడం ఇక్కడి పాఠం. అయితే ఆ చనిపోయినవారు మన పొరుగువారు. వాళ్ల కష్టం ఎలా వచ్చిందన్న తీరును నేర్చుకోవచ్చు గాని, ఆ ఊరినీ, ఆ ఇళ్లనూ తీసుకొచ్చి దెయ్యాల కొంపలుగా మార్చకూడదు.

ఇంకొక ఉదాహరణను దగ్గరగా చూడండి. కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వచ్చి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి దాదాపు తెలియదు, గాటు కూడా చాలాసార్లు కనబడదు. తెల్లవారేసరికి కడుపులో నొప్పి అంటారు, ఇంట్లోవాళ్లు తిన్నది పడలేదనుకుంటారు. ఆ తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. వెంటనే ఆసుపత్రికి చేరిస్తే విరుగుడు మందుతో, ఊపిరి యంత్రంతో బతికించగలరు. కోరలు చాచి బుసకొట్టే పాము కంటే ఇది ఎందుకు ఎక్కువ భయపెడుతుంది? జరగవలసినది జరిగిపోయిన తర్వాత గాని జరిగిందని తెలియకపోవడం వల్ల. మీ లోకంలోని భయానికి కూడా ఇటువంటి ఆలస్యాన్ని ఇవ్వండి: తాకిన క్షణానికీ తెలిసిన క్షణానికీ మధ్య ఒక రాత్రో, ఒక నెలో ఉండాలి, ఆ మధ్యకాలంలో మనిషి నవ్వుతూ పనిచేసుకుంటూ ఉండాలి.

ఒంటరితనం కూడా నేల నుంచే వస్తుంది. మల్కనగిరి జిల్లాలో బలిమెల జలాశయం వల్ల మిగతా ప్రాంతంతో తెగిపోయిన ఊళ్లకు 2018లో గురుప్రియ వంతెన వచ్చేదాకా దశాబ్దాల పాటు లాంచీలూ పడవలే దిక్కు. మీ లోకపు పటం గీసేటప్పుడు రాజధాని ఎక్కడుందన్నదాని కంటే ముందు, ఏ ఊరికి చీకటి పడ్డాక సాయం చేరలేదో గుర్తుపెట్టండి.

మూడో మెట్టు: భయానికి ఒక కట్టుబాటు రాయండి

ఏమైనా చేయగల దెయ్యం ఎవరినీ ఎక్కువసేపు భయపెట్టలేదు, ఎందుకంటే దాని ముందు మనిషి చేయగలిగింది ఏమీ ఉండదు, ఏమీ చేయలేని చోట జాగ్రత్త ఉండదు, జాగ్రత్త లేని చోట ఉత్కంఠ ఉండదు. ఒకప్పుడు తెలుగు ఊళ్లలో తలుపుల మీద బొగ్గుతోనో సుద్దతోనో రాసిన "ఓ స్త్రీ రేపు రా" అన్న మాటను ఈ దృష్టితో చూడండి. ఆ నాలుగు మాటల్లో ఎంత నియమం ఇమిడి ఉందో! వచ్చేదానికి చదువు వచ్చు, మాటకు కట్టుబడుతుంది, రేపన్నది ఎప్పటికీ రేపుగానే ఉంటుందని గ్రహించదు, కానీ ప్రతి రాత్రీ వస్తుంది. ఆ రాత జనాన్ని కాపాడుతుంది, అదే సమయంలో అది ఇంటి గడప దాకా వచ్చి వెళ్తోందని రోజూ గుర్తుచేస్తుంది.

మీ కట్టుబాటులో నాలుగు సంగతులు ఉండాలి: అది ఏం చేయగలదు, ఏం చేయలేదు, ఎప్పుడు ఎక్కడ చేస్తుంది, తప్పించుకున్నవాడు ఏం కోల్పోతాడు. నేను ఒక నమూనా లోకాన్ని ఇక్కడ మొదలుపెట్టి చివరిదాకా పెంచుతాను, మీరు మీ లోకంతో పోల్చుకుంటూ సాగండి.

మన సరిహద్దు కొండల్లో కనిపించే గెడ్డ (వాగు) లాంటి ఒక గెడ్డ ఊహించండి. దానికి ఇటు తెలుగు మాట్లాడే ఊరు, అటు వేరే భాష మాట్లాడే ఊరు, మధ్య ఒక రేవు. రాత్రిపూట ఎవరైనా పిలిస్తే ఒక్క పిలుపుకు పలకకూడదనీ, మూడోసారి పిలిచాకే పలకాలనీ మన పెద్దవాళ్లు చెప్పే మాట అందరికీ తెలిసిందే. దాన్నే విత్తనంగా తీసుకుందాం. శరత్కాలపు వరద తీసిన తర్వాత, పొద్దుగూకాక, గెడ్డ నుంచి తెలిసిన గొంతుతో పేరు పెట్టి పిలుపు వస్తుంది. పలికినవాడు నీళ్ల వైపు నడుస్తాడు. అది వరుసగా రెండుసార్లే పిలవగలదు, మూడో పిలుపు దానికి రాదు. నీటి ఒడ్డున ఎవరో అనగా విన్న పేరు తప్ప మరో పేరు దానికి తెలియదు.

దానికి మూడో పిలుపు ఎందుకు రాదో రచయితగా మీకు తెలిసి ఉండాలి. నా నమూనాలో కారణం ఇది: మునిగిపోయినవాళ్లు రెండుసార్లు అయినవారిని పిలిచారు, మూడోసారి పిలవడానికి ఊపిరి మిగల్లేదు, గెడ్డ వాళ్ల చివరి పిలుపులనే తిరిగి పలుకుతోంది. ఈ కారణాన్ని నెలంతా ఎక్కడా రాయకండి. అది మీరు సొంతానికి రాసుకునే నోటుపుస్తకంలో ఉంటే చాలు, మీరు రాసే ప్రతి వాక్యం మీద దాని నీడ పడుతుంది.

నాలుగో మెట్టు: కట్టుబాటు నుంచి అలవాట్లను పుట్టించండి

సవాలులో మీకు దొరికే సమయంలో సగం ఈ మెట్టుకే కేటాయించమని నా సలహా. కట్టుబాటును తీసుకుని ఊరి జీవితంలోని ఒక్కొక్క గది తలుపు తడుతూ వెళ్లాలి: పుట్టుక, చదువు, పెళ్లి, వ్యాపారం, న్యాయం, వంట, చావు. ప్రతి చోటా ఒకటే ప్రశ్న: ఈ భయం తరతరాలుగా ఉండి ఉంటే ఇక్కడ ఏం మారి ఉండేది?

పేర్లతో మొదలుపెడదాం. నీటి దగ్గర విన్న పేరే గెడ్డకు తెలుస్తుంది కాబట్టి ఆ ఊళ్లలో ప్రతివారికీ రెండు పేర్లు ఉంటాయి, ఇంటి పేరు గోత్రాల సంగతి వేరు, ఇవి పిలిచే పేర్లే: ఇంట్లో ఒకటి, రేవులో ఒకటి. రేవు పేరును అవతలి ఒడ్డు భాషలో పెట్టుకుంటారు. తెలుగింటి పిల్లకు అవతలి ఊరి పెద్దమ్మ పేరు పెడుతుంది, అవతలింటి పిల్లవాడికి ఇటువైపు తాత పెడతాడు. అలా పేరు ఇచ్చినవారితో చుట్టరికం ఏర్పడుతుంది, ఆ చుట్టరికానికి పండగకు సారె, చావుకు మైల ఉంటాయి. చూడండి, రెండు ఊళ్ల మధ్య స్నేహం ఒక భయం నుంచి పుట్టింది. ఇటువంటి తియ్యని ఫలితాలను కూడా రాయాలి. ఎందుకంటే భయం వల్ల చెడు మాత్రమే కలిగే లోకం పలుచగా ఉంటుంది, చదివేవాడికి ఆ జనం మీద మమకారం కలగదు, మమకారం లేనిచోట వాళ్లకు ఏమైనా పట్టదు.

బడిలో పంతులు హాజరు మూడుసార్లు పిలుస్తాడు. రెండో పిలుపుకే "ఉన్నానండీ" అన్న పిల్లవాడిని నిలబెడతాడు. న్యాయసభలో కక్షిదారును మూడుసార్లు పిలవనిదే విచారణ చెల్లదు. పెళ్లిలో తలంబ్రాలకు ముందు వరుడి చెవిలో వధువు తన ఇంటి పేరు, అంటే ఇంట్లో పిలిచే పేరు, చెబుతుంది. అది తెలిసినవాడు ఆమెను గెడ్డకు అప్పగించగలడు కాబట్టి ఆ ఊళ్లలో అంతకు మించిన నమ్మకం లేదు. సంతలో అప్పు ఇచ్చే షావుకారు వడ్డీకి బదులు ఇంట్లో పిలిచే పేరును తాకట్టు పెట్టించుకుంటాడు. అప్పు తీర్చనివాడి ఇంటి ముందుకు వచ్చి గొడవ చేయడు, రేవు వైపు నడుచుకుంటూ పోతాడు, అంతే. ఊరంతా చూస్తూ ఉంటుంది.

అమ్మమ్మ మనవడికి చెప్పే మాట కూడా రాయండి, అలవాటు నోటి మాటలోకి దిగినప్పుడే లోకం నిండుతుంది: "ఒరే నాయనా, అమ్మ పిలిచినా సరే, వేళ్లు మడుచుకుంటూ వినాల. మూడో వేలు మడిచాకే నోరు తెరవాల." ఆ ఊళ్లలో పిల్లలు ఎవరైనా పిలవగానే అసంకల్పితంగా వేళ్లు మడుచుకుంటారని ఒక వాక్యం చేర్చితే, తర్వాత ఎక్కడో పట్నంలో, గెడ్డకు ఎంతో దూరంలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక నడివయసు మనిషి ఫోన్ మోగగానే వేళ్లు మడుచుకోవడం చూపించినప్పుడు, వేరే వివరణ అక్కర్లేదు.

ఆచారాలు రాసేటప్పుడు నిజమైన ఆచారాలు ఎంత లోతుగా ఉంటాయో ఒకసారి చూడండి. దీపావళి సాయంత్రం ఒడియా ఇళ్లలో ఎండిన జనప పుల్లలు వెలిగించి పైకెత్తి పెద్దలను పిలుస్తారు: చీకట్లో రండి, వెలుతురులో వెళ్లండి అని ఆ పిలుపు సారాంశం. అదే సాయంత్రం తెలుగు ఇళ్ల ముందు పిల్లలు గోగు కర్రలకు కట్టిన వత్తులు వెలిగించి "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి" అంటూ నేలకేసి కొడతారు. ఒకే వీధిలో ఒకరు పెద్దలకు దారి చూపుతుంటే, పక్కింటి పిల్లలు నిప్పు నేలకు కొట్టి వచ్చే పండగను పిలుస్తుంటారు. ఈ ఆచారాలు ప్రేమతో, భక్తితో చేసేవి, వీటిని భయంకరంగా చిత్రించమని నేను అనడం లేదు. వాటి నిర్మాణాన్ని గమనించమంటున్నాను: పిలవడానికి ఒక వస్తువు, ఒక మాట, ఒక వేళ ఉన్నాయి, పంపించడానికి కూడా ఉన్నాయి. మీ లోకంలో పిలవడం తెలిసి, పంపించే మాటను మరిచిపోయిన ఒక ఊరిని ఊహించండి. కార్తిక పూర్ణిమ నాడు ఒడిశాలో పూర్వపు నావికులను తలచుకుంటూ నీటిలో చిన్న పడవలు వదులుతారు. మీ లోకంలో అలా వదిలిన పడవలు మరుసటి ఉదయం ఎదురు ప్రవాహంలో తిరిగి వస్తే, వాటిలో ఏం ఉంటుందో ఎవరు తొంగిచూస్తారు?

ఐదో మెట్టు: కాపాడే ఆచారం ఎవరిని బలి తీసుకుంటుందో కనిపెట్టండి

నమూనా లోకంలో నాకు అన్నిటికంటే భయంకరంగా తోచిన సంగతి గెడ్డ కాదు. పొలం నుంచి వస్తూ కాలు విరిగి పడిపోయిన మనిషి చీకట్లో రెండుసార్లు పిలిచి స్పృహ తప్పితే, ఆ ఊళ్లో ఎవరూ తలుపు తీయరు. భార్య గడియ మీద చెయ్యి పెట్టి మూడో పిలుపు కోసం ఎదురుచూస్తూ తెల్లవారుజాము దాకా నిలబడుతుంది. తప్పు ఎవరిదీ కాదు, అందరూ నియమం పాటించారు. నత్తి ఉన్నవాళ్లు, గొంతు లేనివాళ్లు, పసిపిల్లలు, కొత్తగా ఊరికి వచ్చి నియమం తెలియని కోడలు, వీళ్లందరి పట్ల ఆ ఊరు ఎలా ప్రవర్తిస్తుందో ఒక్కొక్కటీ ఒక్కొక్క వ్యాసం అవుతుంది.

కాబట్టి మీ కట్టుబాటు రాసిన వెంటనే ఈ ప్రశ్న వేసుకోండి: దీన్ని తుచ తప్పకుండా పాటించినందువల్ల నిర్దోషి ఎవరు నష్టపోతారు? సమాధానం దొరికేదాకా కట్టుబాటును మార్చుతూ ఉండండి. దొరికిన తర్వాత, ఆ నష్టాన్ని ఊరు ఏ మాటతో కప్పిపుచ్చుతుందో కూడా రాయండి. నా లోకంలో అలా చనిపోయినవారిని "మూడో పిలుపుకు బాకీ పడ్డవాళ్లు" అంటారు.

ఆరో మెట్టు: ఎవరిని భయంకరంగా చూపకూడదో నిర్ణయించుకోండి

సరిహద్దు జిల్లాల రచయితలకు ఈ బాధ్యత కొంచెం ఎక్కువ. చిల్లంగి, చేతబడి అన్న అనుమానంతో మనుషులను, ముఖ్యంగా ఒంటరి స్త్రీలను, కొట్టి చంపిన ఘటనలు ఈ నేల మీద నిజంగా జరిగాయి. మంత్రగత్తె అన్న ముద్ర వేసి హింసించడాన్ని అరికట్టడానికే ఒడిశా 2013లో ప్రత్యేక చట్టం చేసుకుంది, మహారాష్ట్ర కూడా అదే సంవత్సరం నరబలి, క్షుద్రపూజల నిరోధానికి చట్టం తెచ్చింది. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె నిజంగానే క్షుద్రశక్తి అని తేలే కథ ఆ అనుమానాన్ని బలపరుస్తుంది. అదే అంశాన్ని తిప్పి, అనుమానించే గుంపు వైపు దీపం పట్టండి. పేరు తాకట్టు పెట్టుకున్న షావుకారు తన మీదికి ఊరు తిరగకుండా ఉండడానికి ఒక విధవరాలి వైపు వేలు చూపడం, నిన్నటిదాకా ఆమె చేతి మజ్జిగ తాగినవారే కర్రలు పట్టుకోవడం: గెడ్డ కంటే ఇది తక్కువ భయంకరమా?

కొండ మీది సమాజాల దేవతలనూ, పూజారులనూ తీసుకుని రాక్షసులుగా మార్చడం ఇంకొక తేలిక దారి, అదీ వదులుకోవలసిందే. ఈ కొండల్లోని సవర గిరిజనుల సంప్రదాయంలో చనిపోయినవారు పూజారి నోట బతికున్నవారితో మాట్లాడతారు; ఆ సంభాషణల్లో తగవులు తీరుతాయి, దుఃఖం నెమ్మదిస్తుంది. బయటివాడు దాన్ని పూనకంగా, దెయ్యంగా చూసి భయపడితే అది అతని అజ్ఞానమే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు సవరల గురించి రాసే ముందు వాళ్ల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకున్నారు, 1930ల్లో వెలువడిన ఆయన సవర వ్యాకరణం, నిఘంటువు ఆ శ్రమ ఫలం. అంత పని చేసే తీరిక మనకు ఒక నెలలో దొరకదు. దొరకనప్పుడు వాళ్ల దేవతల జోలికి వెళ్లకుండా మన ఇంటి భయాలనే వాడుకోవడం మర్యాద.

ఏడో మెట్టు: దొరికిన కాగితాల్లా రాయండి

లోకనిర్మాణ సవాలులో రాసేవి కథలు కావు, వ్యాసాలు, నమోదులు, పట్టికలు. హారర్‌కు ఇది లోటు కాదు, వరం. సర్వజ్ఞుడైన రచయిత గొంతుతో "ఈ ప్రాణి ఇలా చంపుతుంది" అని విజ్ఞాన సర్వస్వంలా రాస్తే భయం ఆవిరైపోతుంది. దానికి బదులు ఆ లోకంలోని మనిషి తన పని కోసం రాసుకున్న కాగితాన్ని చూపించండి: కరణం లెక్క, మంత్రసాని చెప్పగా రాసిన జాబితా, జోలపాట, పంచాయతీ తీర్మానం. రేవు కాపరి పద్దు ఇలా ఉంటుందనుకోండి:

*ఆశ్వయుజ బహుళ ద్వాదశి. చివరి పడవలో ఎక్కినవారు 11 మంది. దిగినవారు 12 మంది. కూలి 11 మందికే తీసుకున్నాను.*

*త్రయోదశి. నిన్నటి పన్నెండో మనిషి కూలి పడవ అడుగున దొరికింది. నాణెం పాత రాజు కాలంది. జమ కట్టాను.*

*చతుర్దశి. పడవ తీయలేదు. అవతలి నుంచి మా అన్నయ్య రెండుసార్లు పిలిచాడు.*

*అమావాస్య. పడవ తీయలేదు.*

రేవు కాపరి ఎక్కడా భయమేస్తోందని రాయలేదు. అతనికి లెక్క సరిపోవాలన్న పట్టుదలే ఉంది, ఆ పట్టుదల వల్లనే మనకు భయం వేస్తుంది. అన్నయ్య ఎప్పుడు చనిపోయాడో ఈ కాగితంలో ఉండకూడదు. మరో రోజు వేరే ప్రాంప్ట్‌కు రాసిన చావుల పద్దులో, ఆరేళ్ల కిందటి తేదీతో, ఏ వివరణా లేకుండా కనబడాలి. ఒక నమోదు అడిగిన ప్రశ్నకు మరొక నమోదులో జవాబు దాచడం ఈ రకపు రచనకే ప్రత్యేకమైన ఆనందం.

ఎనిమిదో మెట్టు: నెలను గడపడం

రోజువారీ ప్రాంప్టులు వచ్చే సవాలైతే, ప్రతిదానికీ కొత్త భూతాన్ని సృష్టించాలన్న ఆశను అదుపులో పెట్టుకోండి. నెలాఖరుకు ముప్పై భూతాలు ఉన్న లోకంలో దేనికీ బరువు ఉండదు. ఒకటో రెండో కట్టుబాట్లు పెట్టుకుని, వచ్చిన ప్రతి ప్రాంప్టునూ వాటి ముందు నిలబెట్టండి. ప్రాంప్ట్ "ఉప్పు" అయితే, సంతలో ఉప్పు అమ్మేవాడు సరుకు కేక వేసేటప్పుడు ప్రతి కేకనూ మూడుసార్లు ఎందుకు వేస్తాడో రాయండి. "వంతెన" అయితే, ప్రభుత్వం వంతెన కట్టిన తర్వాత రేవు పేర్ల వ్యవస్థ ఏమవుతుందో, నీటి మీద నిలబడి ఫోన్‌లో మాట్లాడే కుర్రకారు ఏ పేర్లు బిగ్గరగా పలుకుతున్నారో రాయండి. "అద్దం" వంటి ప్రాంప్ట్ మీ లోకానికి ఎంతకీ అతకకపోతే దాన్ని వదిలేయడంలో తప్పు లేదు.

మొదటి వారం నేల, ఊరు, అలవాట్లు మాత్రమే రాసి, భయం పేరెత్తకుండా ఉండగలిగితే మంచిది. మూడుసార్లు పిలిచే హాజరు మొదట ఒక ముచ్చటైన ఆచారంలా కనబడి, కారణం పదిరోజుల తర్వాత తెలియాలి. దసరా, దీపావళి రోజుల్లో ఇంటి పనులతో రాయడం కుదరదు కాబట్టి ఆ రోజులకు రెండేసి వాక్యాల పాటలు, సామెతలు, పొడుపుకథలు ముందే రాసి ఉంచుకోండి. మీరు పుట్టించిన సామెత నిజమైన తెలుగు సామెతలా నోటికి పట్టాలి.

భయం మధ్యలో ఊపిరి తీసుకునే చోట్లు కూడా కావాలి: ఒక మంచి భోజనం, బావా మరదళ్ల సరసం, అందరూ నవ్వుకునే ఒక రేవు పేరు. నవ్విన ఊరికి ఆపద వస్తేనే మనసు కలుక్కుమంటుంది. పిల్లల చావు, ఆత్మహత్య, అత్యాచారం వంటివి ఉంటే నమోదు మొదట్లోనే ఒక మాట రాసి చదివేవారిని హెచ్చరించండి.

తొమ్మిదో మెట్టు: నెల ముగిశాక

రాసినవన్నీ ఒక చోట చేర్చి, గెడ్డ ప్రస్తావన ఉన్న ప్రతి వాక్యాన్నీ తాత్కాలికంగా తీసేసి చదవండి. మిగిలిన ఊరిలో ఇంకా జనం వేళ్లు మడుచుకుంటూ, రెండు పేర్లతో తిరుగుతూ, రాత్రి తలుపు దగ్గర ఆగుతూ కనిపిస్తే పని సరిగ్గా జరిగింది. ఏమీ మిగలకపోతే మీరు రాసింది ఒక భూతం వర్ణన మాత్రమే, నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లండి.

ఆ తర్వాత ఒకదానితో ఒకటి పొంతన కుదరని మాటల జాబితా తయారుచేయండి. ఒక చోట వరద తర్వాతే పిలుపులు వస్తాయని, మరో చోట ఏడాది పొడుగునా వస్తాయని రాసి ఉంటారు. ఒకచోట మూడో పిలుపు రాదని, ఇంకొకచోట ఎప్పుడో ఒకసారి వచ్చిందని ఉంటుంది. వీటన్నిటినీ దిద్దేయకండి. తేదీలు, దూరాలు, వయసులు వంటి వాటిని సరిచేసి, భయానికి సంబంధించిన తేడాలను ఇటు ఒడ్డు మాటగా ఒకటి, అటు ఒడ్డు మాటగా ఒకటి వేరుచేసి ఉంచండి. రెండు ఊళ్లూ ఒకే గెడ్డ గురించి రెండు రకాలుగా చెప్పడం సహజమే; వాటిలో ఏది నిజమో మీ పుస్తకంలో రాసిపెట్టుకుని, వచ్చే ఏడాది రాయబోయే నమోదులకు దాన్ని మొదటి ప్రశ్నగా వాడుకోండి.